తెల్ల గీత ఉన్న రాయి

నేను చెబుతుంటే ఈ మాటలను మా ఇంటి పై గదిలో అద్దెకుంటున్న అమ్మాయి టైపు చేస్తోంది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్ల. నాకు సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు, అంతకు మించి రాదు. మాట్లాడుతుంటే గొంతు గరగరమంటుంది, దగ్గు వస్తుంది. దగ్గులు రాయొద్దమ్మా అన్నాను. మిగతాదంతా రాయమన్నాను. ఇది జరిగి అయిదేళ్లయింది.

మా ఆయన పోయిన ఏడాదికి మా అమ్మాయి నన్ను ఒంగోలు నుంచి లీసెస్టర్ తీసుకొచ్చింది. తను ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. మనవరాలు ఇక్కడే పుట్టింది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. పిల్ల తనంతట తాను స్కూలుకు వెళ్లే వయసు వచ్చాక నాకు ఇంట్లో పొద్దు గడిచేది కాదు. మా వీధిలో ఒక గుజరాతీ ఆవిడ ఉంది. అందరూ ఆమెను బెన్ అంటారు, వాళ్ల భాషలో అక్క అని. నేనూ అంతే. తను పనిచేసే చోట శుభ్రం చేయడానికి ఇంకో మనిషి కావాలంటే నన్ను చేర్చింది. సోమ, బుధ, శుక్రవారాల్లో పని. ఆమె కారులో గంట ప్రయాణం. నాకొచ్చిన సినిమా హిందీ, ఆమెకొచ్చిన గుజరాతీ హిందీ కలిపి దారంతా కబుర్లు చెప్పుకునేవాళ్లం.

ఆ చోటు పొలాల మధ్య ఎర్ర ఇటుకల ఇల్లు. పెద్ద యుద్ధం నాటి రోజుల్లో నాజీలు యూదుల కుటుంబాలను, పసిపిల్లలతో సహా, రైళ్లెక్కించి తీసుకుపోయి చంపారు. వాళ్లను మరిచిపోకూడదని కట్టిన ఇల్లు అది. లోపల ఫొటోలు, పాత సూట్‌కేసులు, అద్దం పెట్టెలో ఒక చిన్న బూటు. అప్పుడు బతికి బయటపడ్డవాళ్లు ముసలివాళ్లై, స్కూలు పిల్లలు వచ్చిన రోజున వాళ్లకు తమ కథ చెప్పడానికి వచ్చేవారు. నా పని నేల తుడవడం, అద్దాలు తుడవడం, టీ పెట్టడం.

ఇంటి వెనక గులాబీ తోట ఉంది. ఒక్కో మొక్క కింద ఒక్కో ఇత్తడి పలక, పలక మీద పోయిన మనిషి పేరు, పలక ముందు గులకరాళ్లు. ఒక మొక్క దగ్గర పలక మీద ఫొటో కూడా ఉంది. ఆరేళ్ల పిల్ల, పాపిట పక్కకు తీసి రిబ్బను కట్టారు, ముందరి పళ్లు రెండు ఊడిపోయాయి. ఆ వయసులో మా మనవరాలు అచ్చం అలాగే ఉండేది. తోటకు వేరే మాలీ ఉన్నాడు కాబట్టి నాకు అక్కడ పనేమీ లేదు. అయినా ఎండ కాసినప్పుడు టీ కప్పు పట్టుకుని ఆ పిల్ల దగ్గర నిలబడేదాన్ని.

“ఈ రాళ్లేంటి బెన్?” అని ఒకసారి అడిగాను.

“చనిపోయినవాళ్ల కోసం. చూడ్డానికి వచ్చినవాళ్లు పెట్టిపోతారు.”

“అయితే ఇవి సమాధులా?”

“సమాధులు ఎక్కడివి? వాళ్ల బూడిద కూడా దొరకలేదు.”

“మరి కర్మ ఎవరు చేశారు?”

“చేయాల్సినవాళ్లు కూడా వాళ్లతోనే పోయారు కదా” అని బెన్ కప్పులు కడగడానికి వెళ్లిపోయింది.

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. మా ఆయన పోయినప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున మా మరిది కర్మ చేశాడు. ఒక రాయి తెచ్చి, పోయిన మనిషి అందులో ఉన్నాడని తలచి, రోజూ దానికి నువ్వులూ నీళ్లూ వదిలాడు. పదో రోజున ఆ రాయిని ఏట్లో వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. రాయిని వదలకపోతే ఆ ప్రాణం దాహంతో ఒడ్డునే తిరుగుతూ ఉంటుందని మా అమ్మ చెప్పేది. ఇక్కడేమో రాళ్లు ఏళ్ల తరబడి వానలో నానుతున్నాయి. ఎవరూ వదలలేదు. ఆ పళ్లూడిన పిల్ల ఎంత కాలంగా నిలబడి ఉందో అనుకునేదాన్ని.

ఆ సెప్టెంబరులో పెద్దల అమావాస్య బుధవారం వచ్చింది. దిక్కూ మొక్కూ లేకుండా పోయినవాళ్లకు కూడా ఆ రోజు నీళ్లు వదలొచ్చంటారు. ఆడవాళ్లు చేయకూడదని నాకు తెలియదా? తెలుసు. ఎవరూ లేనప్పుడు ఎవరో ఒకరు చేయాలి కదా అనుకున్నాను. కాగితంలో నువ్వులు పొట్లం కట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం తోటలో ఎవరూ లేని వేళ చూసి, ఆ పిల్ల పలక ముందున్న అయిదు రాళ్లనూ కొంగులో పోసుకున్నాను. అందులో ఒకటి బూడిదరంగుది, దాని చుట్టూ దారం కట్టినట్టు తెల్ల గీత ఉంది. తోట చివర కంచె దాటితే చిన్న వాగు. నువ్వులు చల్లి, దోసిట్లో నీళ్లు వదిలి, “వెళ్లు తల్లీ, ఇంక నిలబడొద్దు” అన్నాను. రాళ్లను నీళ్లలోకి విసిరి వెనక్కి చూడకుండా నడిచొచ్చాను.

ఆ సాయంత్రం నా ఒళ్లు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. కారులో పాట కూడా పాడానట, బెన్ తర్వాత చెప్పింది.

శుక్రవారం వెళ్లేసరికి ఆఫీసు గదిలో మేనేజరమ్మ ఫోను మీద ఫోను చేస్తోంది. ముఖం తెల్లగా పాలిపోయింది. వంటగదిలో నేను కప్పులు తుడుస్తుంటే బెన్ వచ్చి తలుపు మూసింది.

“తోటలో ఎవరో దూరారు. ఒక మొక్క దగ్గర రాళ్లన్నీ ఎత్తుకుపోయారు. యూదులంటే పడనివాళ్లే చేసి ఉంటారంట. పోలీసులకు చెప్పారు. కెమెరాలు పెట్టిస్తారంట.”

నా చేతిలో కప్పు జారి సింకులో పడింది.

“ఏమైంది?”

“నేనే” అన్నాను. ఎందుకు తీశానో, ఎక్కడ వేశానో చెప్పాను.

బెన్ స్టూలు మీద కూలబడింది. “హే రామ్. అవి ఎవరి రాళ్లో తెలుసా నీకు? ప్రతి నెలా పిల్లలకు కథ చెప్పడానికి కర్ర పట్టుకుని వచ్చే పెద్దావిడ లేదూ, ఆమె చెల్లెలివి. తెల్ల గీత ఉన్నదాన్ని ఆమె తమ ఊరి ఏటి ఒడ్డు నుంచి తెచ్చుకుంది. దేశాలు దాటి వెళ్లి తెచ్చుకుంది!”

నేను ఆ పెద్దావిడకు ఎన్నిసార్లు టీ ఇచ్చానో. పాలు వద్దు, నిమ్మకాయ చెక్క కావాలి. ఆమె ఎవరి అక్కో నాకు తెలియదు. నేను అడగలేదు.

“ఇప్పుడే పోయి మేనేజరమ్మకు చెప్పేస్తా.”

“నోరు మూసుకో. పోలీసుల దాకా వెళ్లింది. నీతోపాటు నన్ను కూడా పంపేస్తారు, నిన్ను తెచ్చింది నేను. అన్నట్టు వచ్చే బుధవారం ఏ స్కూలు వస్తోందో తెలుసా?”

తెలుసు. మా మనవరాలి స్కూలే. వారం నుంచి అది నాకు జాగ్రత్తలు చెబుతోంది. “అమ్మమ్మా, మా ఫ్రెండ్స్ ముందు నన్ను బంగారం అని పిలవొద్దు, ప్లీజ్. జస్ట్ యాక్ట్ నార్మల్.” దానికి పద్నాలుగేళ్లు. వాళ్ల టీచరు ముందు పోలీసులు వాళ్ల అమ్మమ్మను నిలబెట్టడం నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది.

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. “ఏందమ్మా అట్టా ఉన్నావు? బీపీ మాత్ర ఏసుకున్నావా?” అని మా అమ్మాయి అడిగింది. “ఏసుకున్నా లేమ్మా” అన్నాను. శనివారం, ఆదివారం ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను. లీసెస్టర్‌లో రోజుకు ఎన్ని పోలీసు కార్లు తిరుగుతాయో నాకు ఆ రెండు రోజుల్లోనే తెలిసింది.

సోమవారం పొద్దున్నే చీర ఎగదోపి వాగులో దిగాను. చలికి కాళ్లు కొయ్యబారాయి. ఎక్కడ వేశానో తెలిస్తే కదా! విసిరేటప్పుడు చూశాను, పడేటప్పుడు చూడలేదు, చూడకూడదు కాబట్టి. నీళ్లలో అన్ని రాళ్లూ నల్లగా, తడిగా ఒకేలా ఉన్నాయి. బెన్ కంచె మీద నుంచి “దొరికిందా? త్వరగా, త్వరగా” అంటూ అటూ ఇటూ చూస్తోంది. అరగంటకు, ఇవే కాబోలు అనిపించినవి మూడు దొరికాయి. తెల్ల గీతది దొరకలేదు. చివరికి అలాంటిదే ఒకటి తగిలింది. బూడిదరంగు, అదే సైజు, తెల్ల గీత కూడా ఉంది. కానీ గీత చుట్టూ తిరగలేదు, సగంలో ఆగిపోయింది.

“ఇదే పెట్టెయ్. గీత ఉన్న వైపు పైకి పెట్టు” అంది బెన్. “ఎనభై దాటిన మనిషి. కళ్లద్దాలు ఎంత మందమో చూడలేదా?”

పెట్టాను. తుడిచి, నాలుగు రాళ్లూ పలక ముందు సర్ది, గీత పైకి తిప్పి పెట్టాను.

మేనేజరమ్మ చూసి ఏడ్చినంత పని చేసింది. తీసినవాళ్లకే బుద్ధొచ్చి తిరిగి తెచ్చి పెట్టారనుకుంది. పోలీసులకు ఫోను చేసి ఇక రావక్కర్లేదని చెప్పింది. పెద్దావిడకు ఈ గొడవేమీ చెప్పొద్దని మా అందరికీ చెప్పింది. బెన్ నా వైపు చూసి కన్ను కొట్టింది. గండం గడిచిందనుకోవాలి. కానీ నా గుండె మీద బరువు ఇంకా పెరిగింది. అంతకు ముందు చేసింది తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను.

బుధవారం పదకొండింటికి బస్సు వచ్చింది. ముప్పై మంది పిల్లలు. మా మనవరాలు నన్ను చూడనట్టే నడిచిపోయి, కుర్చీలో కూర్చున్నాక ఎవరికీ కనబడకుండా రెండు వేళ్లు ఊపింది. నేను వెనక టీ బల్ల దగ్గర నిలబడ్డాను. అన్నేళ్లుగా వింటున్నాను కాబట్టి ఇంగ్లీషు మాట్లాడలేకపోయినా సగానికి పైగా అర్థమవుతుంది. కానీ ఆ గదిలో నిలబడి ఆమె కథ మొత్తం వినడం నాకు అదే మొదటిసారి. మామూలుగా ఆ వేళకు కప్పులు కడుగుతూ ఉంటాను.

పెద్దావిడ కర్రను కుర్చీకి ఆనించి కూర్చుంది. చెల్లెలి గురించి చెప్పింది. ఆ పిల్లకు గులకరాళ్ల పిచ్చి. ఏటి ఒడ్డున వాళ్లమ్మ బట్టలు ఉతుకుతుంటే ఈ పిల్ల గౌను జేబులో రాళ్లు నింపుకునేది. జేబులు చిరిగిపోయేవి. వాళ్లమ్మ తిడుతూనే కుట్టేది. రైలు దిగిన చోట ఆ పిల్లను ఒక వైపుకు, తనను ఒక వైపుకు పంపారు. అప్పుడు జేబులో రాళ్లు ఉన్నాయా లేదా అన్నది తనకు గుర్తులేదని చెప్పింది.

“ఉన్నాయని చెబితే కథ బాగుంటుంది” అంది. “కానీ నాకు గుర్తులేదు. ఇదంతా జరగనే లేదని చెప్పేవాళ్లు ఉన్నారు. అందుకే నేను ఒక్క మాట కూడా కల్పించి చెప్పను. తెలిసినదే చెబుతాను. నా తర్వాత మీరూ అంతే.”

నేను చేతిలోని తువ్వాలును భుజం మీద వేసుకున్నాను.

“రండి, చెల్లెల్ని చూపిస్తాను” అంటూ ఆమె లేచింది. పిల్లలంతా ఆమె వెనక తోటలోకి నడిచారు. నేను తువ్వాలు భుజం మీదే ఉండగా వెళ్లాను. బెన్ నా చేయి పట్టుకుని ఆపబోయింది, విడిపించుకున్నాను.

నాకు తెలియని సంగతి అక్కడ జరిగింది. ఆమె ప్రతిసారీ ఆ తెల్ల గీత రాయిని పిల్లల చేతికి ఇస్తుందట. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, ముప్పై మందీ పట్టుకుని చూడాలి. ఆమె మెల్లగా వంగి నా రాయిని తీసుకుంది. బొటనవేలు దాని మీద ఒకసారి తిరిగింది. సగంలో ఆగింది. మళ్లీ తిరిగింది.

ఆమె తలెత్తలేదు. ఎదురుగా ఒక అబ్బాయి చేయి చాపి ఉన్నాడు. అతని పక్కన మా మనవరాలు.

“నో” అన్నాను. గొంతు కాకి అరిచినట్టు వచ్చింది. “నో, మేడమ్. నాట్ దట్ స్టోన్. మీ. ఐ డూ.” ఆ తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషంతా అయిపోయింది.

అందరూ తిరిగారు. మా మనవరాలి ముఖం ఎర్రబడింది. “అమ్మమ్మా!” అంది పళ్ల మధ్య నుంచి. “వాట్ ఆర్ యూ డూయింగ్?”

“బంగారం, నేను చెప్పేది ఆమెకు చెప్పమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు, ఏమీ దాచబాక” అన్నాను. పిలవొద్దన్న పేరుతోనే పిలిచాను, ఎవరో పిల్ల నవ్వింది కూడా.

అది ఒక్క క్షణం నేల వైపు చూసింది. తర్వాత వచ్చి నా పక్కన నిలబడింది. నేను చెప్పాను, అది ఇంగ్లీషులో చెప్పింది. అమావాస్య, నువ్వులు, వాగు, సోమవారం వెతకడం, సగం గీత రాయి పెట్టడం, అన్నీ. నువ్వుల దగ్గర దానికి మాట దొరక్క తడుముకుంది. మేనేజరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

పెద్దావిడ ఏదో అడిగింది. మా మనవరాలు నా వైపు తిరిగి, స్నేహితులందరి ముందు, తెలుగులో అంది. “ఎందుకు అని అడుగుతోంది.”

“దాహంతో నిలబడి ఉంటుందని. ఎవరూ పంపలేదని. వెళ్లిపోతే సుఖంగా ఉంటుందని.”

అది చెప్పింది. ఆమె విన్నది. ఆమె కళ్లలో నాకు కనబడింది కోపమే. అందులో పొరపాటు లేదు.

“ఆమెను పంపమని నేను ఎవర్నీ అడగలేదు” అంది. “ఒకసారి పంపారు. చాలు. నేను ఆమెను ఇక్కడ ఉండమన్నాను.”

మా మనవరాలు ఆ మాటను నాకు తెలుగులో చెప్పలేకపోయింది. చెప్పక్కర్లేదు, నాకు అర్థమైంది. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. కాళ్ల మీద పడదామని వంగాను. ఆమె కర్ర అడ్డం పెట్టింది.

“వాగు ఎక్కడ?” అని అడిగింది.

ఒక పక్క కర్ర, ఒక పక్క మా మనవరాలి భుజం పట్టుకుని కంచె దాకా నడిచింది. నేను చేయి చూపించాను. ఆమె నీళ్ల వైపు చూసింది. తర్వాత మా మనవరాలితో అంది, “మీ అమ్మమ్మకు కూడా ఎవరైనా పోయారా?”

“మా తాతయ్య. ఆయన రాయిని రివర్‌లో వేశారు.”

“అది ఎక్కడుందో ఆమెకు తెలుసా?”

తెలియదన్నాను. మరిది వెనక్కి చూడలేదు. నేనైతే ఇంట్లోనే ఉన్నాను, ఆడవాళ్లను ఏటికి రానివ్వలేదు.

“తెలియకుండా ఉంటే భయం వేయదా?” అని అడిగింది. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అప్పటిదాకా నాకు భయం వేయలేదు మరి.

తిరిగి వచ్చాక ఆమె ఆ సగం గీత రాయిని చేతిలోకి తీసుకుని పిల్లలకు చెప్పింది, “ఇది మా చెల్లెలి ఏటి రాయి కాదు. ఈ వాగు రాయి. ఆ రాయి ఎలా పోయిందో, ఇది ఎలా వచ్చిందో మీరు విన్నారు. అదే చెప్పండి.” అని మా మనవరాలి చేతికి ఇచ్చింది. ముప్పై మందీ పట్టుకున్నారు. చివరికి దాన్ని పలక ముందే పెట్టమంది.

నాకు ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. తోటలో అడుగు పెట్టకూడదని రాశారట, మా అమ్మాయి చదివి వినిపించింది. “నీకు ఈ పెత్తనమంతా ఎవరిచ్చారమ్మా?” అని రెండు రోజులు మాట్లాడలేదు. ఉద్యోగం తీసేయొద్దని పెద్దావిడే చెప్పిందని బెన్ అంది, నిజమో కాదో తెలియదు. పెద్దావిడ మాత్రం తర్వాత మూడేళ్లు వచ్చింది. టీ ఇస్తే పుచ్చుకునేది. వచ్చిన ప్రతిసారీ పిల్లలకు నన్ను చూపించి, “మా చెల్లెల్ని నీళ్లలో పారేసిన మనిషి ఈమే” అనేది. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక చూసేవాళ్లు. క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు.

పోయిన చలికాలంలో ఆమె పోయింది. ఆమె పేరుతో చెల్లెలి పక్కనే ఇంకో గులాబీ నాటారు. మా మనవరాలు ఇప్పుడు షెఫీల్డ్‌లో యూనివర్సిటీలో ఉంది. నాకు చెప్పకుండా ఒక ఆదివారం ఒక్కతే రైలెక్కి, బస్సెక్కి వచ్చి, అక్కడ రాయి పెట్టి వెళ్లింది. సాయంత్రం ఫోను చేసింది.

“అమ్మమ్మా, నేను రాయి పెట్టాను. నువ్వు ముట్టుకోవద్దు. ఓకే?”

“ముట్టుకోను లేవే.”

“ప్రామిస్?”

“ప్రామిస్. ఎట్టాంటి రాయి పెట్టావు?”

“చెప్పను” అని పెట్టేసింది.

నేను ముట్టుకోలేదు. తోటలోకి వెళ్లే అనుమతి కూడా లేదు. కానీ వంటగది పక్క వరండాలో కిటికీ నుంచి ఆ రెండు మొక్కలూ కనబడతాయి. పనికి వెళ్లగానే ముందు ఆ అద్దం తుడుస్తాను. అక్కడి నుంచి రాయి ఉన్నదీ లేనిదీ సరిగా తెలియదు, ఆకుల నీడ కూడా రాయిలాగే కనబడుతుంది. గాలికి దొర్లిందేమో, మాలీ తీసేశాడేమో, నాలాంటి మనిషి ఇంకెవరైనా వచ్చిందేమో అనిపిస్తుంది. మళ్లీ తుడుస్తాను. అద్దం అరిగిపోతుందని బెన్ అరుస్తుంది.